ముందు బస్సు, తర్వాతే రుసుం: తిరుపతి నగరపాలక సంస్థకు ఒక బహిరంగ లేఖ

తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, మేయర్ గారికి, కార్పొరేటర్లందరికీ,

నమస్కారం.

మొన్న శనివారం సాయంత్రం ఐదుముప్పావుకు ఒక తెల్లకారు మా అంగడి ముందుకొచ్చి ఇరుక్కుపోయింది. కర్ణాటక నంబరు. పైన నీలం పట్టా కప్పి కట్టిన బ్యాగులు. లోపల ఏడుగురు. నలుగురివి గుండ్లు, వాటి మీద గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు. కొండ దిగి, గోవిందరాజస్వామి దర్శనం చేసుకుని, గాంధీరోడ్డులో నాలుగు వస్తువులు కొనుక్కుని ఊరికి పోదామని వచ్చినవాళ్లు. బండి నడిపే ఆయన అద్దం దించి, "అన్నా, కారు యాడ పెట్టాల?" అని అడిగాడు. ముందుకు పొమ్మని చెయ్యి చూపించాను. అంతకు మించి చెప్పడానికి నాకూ తెలియదు.

ఆరూ పదికి అదే కారు మళ్లీ వచ్చింది. ఆరున్నర దాటాక మూడోసారి వచ్చింది. అప్పటికి ముందు సీట్లో ఉన్న పిల్లవాడు అద్దానికి తల ఆనించి నిద్రపోతున్నాడు. ఆయన నా వైపు చూశాడు కానీ ఈసారి ఏమీ అడగలేదు. వెనక ఒక షేర్ ఆటో, దాని వెనక పూల బుట్టలతో తోపుడుబండి, దాని వెనక పక్క అంగడికి సరుకు తెచ్చిన గూడ్స్ ఆటో, చుట్టూ బైకులు. అందరూ హారన్ మీదే చెయ్యి పెట్టి ఉన్నారు. ఆ కుటుంబం ఏ అంగట్లోనూ దిగలేదు. స్వామిని చూశారో లేదో కూడా నాకు తెలియదు.

ఆ కారు వాళ్లను తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. లోపలికి వస్తే ఏమవుతుందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. బయటే ఆగితే ఎలా రావాలో చూపించినవాళ్లూ లేరు. గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న వీధుల్లోకి రద్దీ వేళల్లో వచ్చే కార్లకు రుసుం పెట్టే విషయం మీరు గట్టిగా ఆలోచించాలని అడగడానికి రాస్తున్నాను. అయితే ఆ రుసుం కన్నా ముందు బస్సు రావాలి. ఆ వరస తిరగబడితే రుసుమే వద్దు.

మాది గాంధీరోడ్డులో స్టీలు, ఇత్తడి సామాన్ల అంగడి. మా నాన్న పెట్టింది. నేను బడికి పోయే రోజుల నుంచి ఈ వీధిని ఇదే గల్లాపెట్టె వెనక నుంచి చూస్తున్నాను. 2011 లెక్కల్లో మన ఊరి జనాభా 2 లక్షల 87 వేలు. ఇప్పుడు ఇంకా పెరిగింది. దీనికి తోడు మామూలు రోజుల్లోనే కొండకు అరవై, డెబ్బై వేల మంది వస్తారు. వాళ్లలో చాలామంది ఎక్కడమైనా దిగడమైనా మన ఊరి మీదుగానే. ఇంత మంది వచ్చే ఊళ్లో నాలుగుకాళ్ల మండపం దగ్గర వీధి వెడల్పు మాత్రం మా తాతల నాటిదే. దాన్ని వెడల్పు చేయాలంటే ఇళ్లు, అంగళ్లు కొట్టాలి. గుడిని ఎవరూ జరపలేరు.

శ్రీనివాస సేతు వచ్చినప్పుడు అందరితో పాటు నేనూ సంతోషించాను. దాదాపు ఏడు కిలోమీటర్ల వంతెన, 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు. కొండకు నేరుగా పోయేవాళ్లకు అది మేలు చేసింది, కాదనను. బస్టాండు దగ్గర, లీలామహల్ కూడలి దగ్గర పైనుంచి పోయే బండ్లు పైనే పోతున్నాయి. కానీ ఊళ్లోకి రావాలనుకున్న కారు వంతెన దిగి ఊళ్లోకే వస్తుంది. వంతెన ఎంత పొడవు కట్టినా మా వీధి వెడల్పు పెరగదు.

మా నాన్నకు ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. అంగడి నా చేతికి ఇచ్చాక ఆయనకున్న ఒకే ఒక అలవాటు, సాయంత్రం దీపాల వేళకు గోవిందరాజస్వామి గుడికి నడిచిపోయి రావడం. చెప్పులు అంగట్లోనే విడిచి, ఉత్తరీయం సర్దుకుని బయల్దేరేవారు. పోయిన ఏడాది ఒకరోజు కార్ల మధ్య సందులోంచి దూరిన బైకు అద్దం ఆయన మోచేతికి తగిలింది. ఎముక విరగలేదు, పది రోజుల్లో నొప్పి తగ్గింది. కానీ గుడికి పోవడం మానేశారు. "దేవుడు యాడున్నా దేవుడే లేరా" అంటారు. ఆరు గంటలకు మాత్రం గోడ గడియారం వైపు చూస్తారు. గుడికి కూతవేటు దూరంలో ఇల్లు పెట్టుకుని, రోడ్డు దాటలేక గుడికి పోలేకపోతున్న పెద్దవాళ్లు మా వీధుల్లో ఆయన ఒక్కరే కాదు.

ఇక రుసుం సంగతి. పేపర్లలో కంజెషన్ ఛార్జ్ అంటున్నారు, మనం రద్దీ రుసుం అనుకుందాం. ఈ మాట వినగానే "రోడ్డు మీద నడవడానికి కూడా డబ్బులా?" అని కోపం వస్తుంది. నాకూ మొదట వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఇది మన ఊరికి కొత్తేమీ కాదనిపించింది. అలిపిరి దాటి కారు పైకి పోవాలంటే టోల్ కడుతున్నాం. 2025 ఆగస్టు 15 నుంచి అక్కడ ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. ఘాట్ రోడ్డులో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు పట్టాలని లెక్క పెట్టి, అంతకన్నా ముందు చేరితే జరిమానా వేస్తారు. గరుడసేవకు ఘాట్ రోడ్డులో బైకులు ఆపేస్తారు, కార్లను ఊరి బయటే పెట్టించి జనాన్ని బస్సులెక్కిస్తారు. కొండమీద కారు పార్కింగులో పెట్టి టీటీడీ ఉచిత బస్సు ధర్మరథం ఎక్కని భక్తులు ఎంతమంది? సర్వదర్శనానికి సమయం వేసిన టోకెను తీసుకుని, ఆ వేళకు వచ్చి వరసలో నిలబడటం మనకు అలవాటే. ఎంత మంది ఏ వేళకు వస్తే ఎంత జాగా సరిపోతుందో మన ఊరికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదేమో. ఆ తెలివంతా కొండమీదే ఆగిపోయి, అలిపిరి దిగగానే ఎవరి దారి వాళ్లదైపోతోంది.

బయటి దేశాల్లో దీన్ని యాభై ఏళ్ల కిందటే మొదలుపెట్టారు. సింగపూర్‌లో 1975 జూన్‌లో నగరం నడిబొడ్డును ఒక గీత గీసి, ఉదయం రద్దీ వేళ లోపలికి వచ్చే కారు రోజుకు మూడు డాలర్లు కట్టాలన్నారు. అప్పట్లో కెమెరాలు లేవు, కంప్యూటర్లు లేవు. అద్దానికి ఒక కాగితం అంటించుకోవాలి, దారుల దగ్గర మనుషులు నిలబడి చూసేవాళ్లు. నలుగురు కలిసి వస్తే కారుకు రుసుం లేదు. ఆ వేళల్లో లోపలికి వచ్చే బండ్లు నలభై శాతానికి పైగా తగ్గాయి. అయితే జనం తెలివైనవాళ్లు కదా, తొమ్మిదిన్నరకు రుసుం వేళ అయిపోతుందంటే ఆ తర్వాత అందరూ ఒక్కసారి వచ్చిపడ్డారు. అందుకని వేళను పదింపావు దాకా పొడిగించారు. 1998 నుంచి అక్కడ అంతా యంత్రాలే చేస్తున్నాయి. బండ్ల వేగం చూసి రేటు మారుస్తారు. రోడ్డు ఖాళీగా సాగుతుంటే రేటు తగ్గిస్తారు కూడా. తగ్గించడం అనే మాట మన దగ్గర ఎవరైనా విన్నారా? నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. అక్కడ రుసుం పెట్టింది బండ్లు కదలడానికి, ఖజానా నింపడానికి కాదని ఆ ఒక్క పనితో తెలిసిపోతుంది.

మీకు బాగా పనికొచ్చేది స్వీడన్ రాజధాని స్టాక్‌హోం అనుభవం. వాళ్లు 2006 జనవరి 3 నుంచి జూలై 31 వరకు, ఏడు నెలలు, దీన్ని పరీక్షగా పెట్టి చూశారు. అంతకు ముందు ఏడాది ఆగస్టులోనే కొత్త బస్సులు దించారు. బస్సులు వచ్చినంత మాత్రాన కార్లు పెద్దగా తగ్గలేదు. రుసుం మొదలయ్యాక లోపలికి వచ్చే కార్లు దాదాపు ఐదో వంతు తగ్గాయి. పరీక్ష ముగిసి రుసుం ఆగిపోగానే రద్దీ మళ్లీ పెరిగింది. ఆ తర్వాత సెప్టెంబరులో జనాన్ని అడిగారు. పరీక్షకు ముందు ఎక్కువమంది వద్దన్నారు, చూశాక ఎక్కువమంది సరే అన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. బ్రిటన్‌లోని ఎడిన్‌బరోలో 2005లో దీనికి తిరగేసి చేశారు. ముందే ఓటు పెట్టారు, ఏమీ చూపించకుండా. దాదాపు నాలుగింట మూడొంతుల మంది వద్దన్నారు, పథకం అక్కడే ఆగిపోయింది. మా అంగట్లో కూడా వస్తువు చేతికిచ్చి చూపించకుండా రేటు చెబితే ఎవరూ కొనరు. బిందెను తట్టి మోత వినిపించి, అప్పుడు కదా ధర మాట్లాడతాం.

లండన్‌ది ఇంకో కథ. 2003 ఫిబ్రవరి 17న మొదలుపెట్టారు, రోజుకు ఐదు పౌండ్లు. మొదటిరోజే 300 బస్సులు అదనంగా తిప్పారు. మొదటి ఏడాది రద్దీ వల్ల అయ్యే ఆలస్యం సుమారు 30 శాతం తగ్గింది. వచ్చిన డబ్బు రవాణాకే ఖర్చు పెట్టాలని చట్టంలోనే రాశారు. కానీ కొన్నేళ్లకు బండ్ల వేగం మళ్లీ పడిపోయింది. రోడ్డు పనులు, బస్సులకూ నడిచేవాళ్లకూ వదిలిన జాగా అందుకు కొంత కారణం. ఇంకో కారణం అద్దె కార్లు. వాటికి రుసుం లేదు కాబట్టి యాప్‌లో పిలిచే క్యాబులు పెరిగిపోయాయి. 2019 ఏప్రిల్‌లో ఆ మినహాయింపు తీసేశారు. రుసుం కూడా ఐదు పౌండ్ల దగ్గర ఆగలేదు, పెరుగుతూ పోయింది.

న్యూయార్క్‌లో అయితే రాజకీయం బాగా నడిచింది. 2024 జూన్ చివర మొదలుకావలసింది, మూడు వారాలు ఉండగా గవర్నరే ఆపేశారు. పదిహేను డాలర్లు అనుకున్నది తొమ్మిదికి తగ్గించి చివరికి 2025 జనవరి 5న మొదలుపెట్టారు. అక్కడ ట్యాక్సీకీ, యాప్ క్యాబుకూ ప్రతి ట్రిప్పుకు చిన్న మొత్తం వేశారు, వచ్చే డబ్బు మెట్రో రైళ్లకూ బస్సులకూ పోతుంది.

ఇవన్నీ పెద్ద ఊళ్లు, మెట్రోలున్న ఊళ్లు. వాటిని తెచ్చి మన మాడ వీధుల్లో అతికించమని నేను అనడం లేదు. మన దగ్గర రోడ్డు నింపేవి కార్లు ఒక్కటే కాదు. బైకులున్నాయి, ఆటోలున్నాయి, అంగళ్ల ముందు పెట్టిన మా సొంత బండ్లున్నాయి. ఈ మాట ఒప్పుకోవాలి. మా వీధిలో పొద్దున తొమ్మిదికి ముందే అంగడివాళ్ల స్కూటర్లు, మోటారు సైకిళ్లు వరసగా నిలబడిపోతాయి, రాత్రి షట్టరు వేసేదాకా కదలవు. కొనడానికి వచ్చినవాళ్లకు నిలిపే జాగా లేదని మళ్లీ మేమే గొడవ చేస్తాం. ఈ లేఖ రాయాలని అనుకున్నాక నా స్కూటర్ ఇంట్లో పెట్టి నడిచి వస్తున్నాను. ఇంటి నుంచి పదకొండు నిమిషాలు పడుతోంది. బండి మీద వచ్చినా దాదాపు అంతే పట్టేది.

దగ్గరలో చూడాలంటే ఊటీ ఉంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు పోయే బండ్లకు ఈ-పాస్ పెట్టారు. డబ్బు లేదు, ముందే పేరు నమోదు చేసుకోవాలి అంతే. తర్వాత రోజుకు ఇన్ని బండ్లే అని లెక్క కూడా పెట్టారు. అక్కడి వ్యాపారులు గిరాకీ పోతుందని నిరసన చేశారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అది నా భయం కూడా.

కాబట్టి తోటి వ్యాపారులకు ఈ లేఖలోనే ఒక మాట చెప్పాలి. కార్లు రాకపోతే గిరాకీ పడిపోతుందని మనం అనుకుంటున్నాం. నిజంగా మన అంగట్లోకి వచ్చేది ఎవరు? పుత్తూరు నుంచి, పాకాల నుంచి, పీలేరు నుంచి బస్సులో వచ్చి, కూతురి పెళ్లికి సారె సామాను కొనేవాళ్లు. వాళ్లు పొద్దున వస్తారు, గంట సేపు బేరమాడతారు, ఇత్తడి బిందె తిప్పి తిప్పి చూస్తారు, కొని పోతారు. పోయిన నెలలో ఒక పెద్దావిడ పన్నెండు వస్తువులు ఎంచి పక్కన పెట్టి, "ఈ జనంలో ఇవన్నీ మోసుకుని బస్టాండుకు పోలేను నాయనా, ఇంకోసారి వస్తా" అని రెండు గ్లాసులు మాత్రం కొని పోయింది. ఇంకోసారి రాలేదు. మూడుసార్లు చుట్టు తిరిగిన ఆ తెల్లకారులో ఏడుగురున్నారు, వాళ్లు ఒక చెంచా కూడా కొనలేదు. కొనాలని లేక కాదు, దిగడానికి జాగా లేక. మన గిరాకీని పాడుచేస్తున్నది రుసుం కాదు, అది ఇంకా రాలేదు కదా.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. డబ్బున్నవాడు కట్టి పోతాడు, లేనివాడు ఆగిపోతాడు, ఇది న్యాయమా అని. మా అంగట్లో పనిచేసే అమ్మాయిలిద్దరిలో ఒకరిది చంద్రగిరి, ఒకరిది తిరుచానూరు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం వచ్చాక ఇద్దరికీ నెలకు ఆటో ఖర్చు మిగులుతోంది. చంద్రగిరి అమ్మాయి మిగిలిన డబ్బుతో చీటీ కట్టడం మొదలుపెట్టింది. కానీ సాయంత్రం బస్సు ఊరు దాటడానికే అరగంట పడుతోందని, ఇంటికి పోయేసరికి పిల్లవాడు తినకుండానే నిద్రపోతున్నాడని చెబుతుంది. ఆమెకు కారు లేదు. ఈ రద్దీలో ఆమె వంతు ఒక్క అడుగు జాగా కూడా లేదు. అయినా రోజూ అరగంట కడుతున్నది ఆమే. కారులో ఉన్నాయనకు ఏసీ ఉంది, పాటలున్నాయి.

జాగా లెక్క వేసి చూడండి. ఆర్టీసీ బస్సు పొడవు పదకొండు, పన్నెండు మీటర్లు. యాభై మంది కూర్చుంటారు, నిలబడేవాళ్లు వేరే. అంత జాగాలో ముందూ వెనకా సందు వదిలితే రెండు కార్లే పడతాయి. వాటిలో ఎంతమంది ఉంటారు? నలుగురో, ఎనిమిదిమందో. ఆ యాభై మంది వీళ్ల వెనక ఆగి ఉంటారు. కేంద్రం 2006లో తెచ్చిన పట్టణ రవాణా విధానంలోనే, కదలాల్సింది బండ్లు కాదు మనుషులు అని రాసుకున్నారు. తోపుడుబండి మీద పూలమ్మే మనిషి మన ఊళ్లల్లో రోడ్డు పక్కన నిలబడినందుకు ఆశీలు కడుతూ వచ్చింది. ఆమె బండి కన్నా నాలుగింతలు జాగా ఆక్రమించే కారు అదే రోడ్డు మీద ఉచితంగా నిలబడుతుంది. రుసుం పెడితే అన్యాయం కొత్తగా రాదు, ఉన్నదే కొంచెం సరిచేసుకోవచ్చు. అయితే అది డబ్బు ఎటు పోతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. వచ్చిన ప్రతి రూపాయి చంద్రగిరి బస్సు మీద, తిరుచానూరు బస్సు మీద, నడిచేవాళ్ల దారి మీద ఖర్చయితేనే అది న్యాయం. జీతాలకో, బకాయిలకో పోతే అది ఇంకో పన్ను మాత్రమే, అప్పుడు మొట్టమొదట నేనే వద్దంటాను.

నేను అడిగేది ఇది. రైల్వేస్టేషన్, గోవిందరాజస్వామి మాడ వీధులు, గాంధీరోడ్డు, బజారు వీధి, తిలక్ రోడ్డు, నాలుగుకాళ్ల మండపం, ఈ చిన్న ముక్క చాలు. ఊరంతా వద్దు. శుక్ర, శని, ఆదివారాలు సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది. కార్లకు మాత్రమే. అద్దె కార్లకు, ట్రావెల్స్ బండ్లకు మినహాయింపు ఇవ్వొద్దు, లండన్‌లో జరిగింది చూశాం కదా. ఆటోలకు, బైకులకు రుసుం వద్దు, కానీ ఆటోలకు స్టాండ్లు గీసి, అక్కడే ఎక్కించుకోవాలి. ఆ వీధుల్లో కాపురం ఉన్నవాళ్ల కార్లను, అంబులెన్సులను, దివ్యాంగులు వచ్చే బండ్లను వదిలేయాలి. సరుకు ఉదయం ఎనిమిది లోపు, రాత్రి తొమ్మిది తర్వాత దించుకోవడానికి మేము సిద్ధం. ఇది నా ఒక్కడి మాట అని తెలుసు, మిగతా వ్యాపారులను ఒప్పించే పని నాకు వదలండి.

ఈ రుసుం మొదలయ్యే తేదీకి కనీసం రెండు నెలల ముందు బస్సులు తిరగాలి. అలిపిరి వైపు, రేణిగుంట రోడ్డు వైపు, చంద్రగిరి రోడ్డు వైపు ఒక్కో పెద్ద పార్కింగ్ చూపించండి. అక్కడ మరుగుదొడ్డి, తాగునీళ్లు, బ్యాగులు పెట్టుకోవడానికి లాకరు ఉండాలి, ఎందుకంటే కారు పైన బ్యాగులు కట్టుకుని వచ్చే కుటుంబం వాటిని వదిలి రాదు. అక్కడి నుంచి గుడి దాకా పది నిమిషాలకొక చిన్న కరెంటు బస్సు, పార్కింగ్ చీటీతో అందులో ప్రయాణం ఉచితం. కరెంటు బస్సులు మనకు కొత్త కాదు. 2022 సెప్టెంబరులో అలిపిరి దగ్గర మొదలుపెట్టారు, ఘాట్ రోడ్డే ఎక్కుతున్నాయి. గాంధీరోడ్డుకు ఇంకా చిన్నవి కావాలి. ముసలివాళ్లు ఎక్కేటట్టు మెట్టు కిందికి ఉన్నవి. టీటీడీతో, ఆర్టీసీతో మీరే కూర్చుని మాట్లాడాలి. పది నిమిషాలకు బస్సు రాని రోజు రుసుం కూడా వసూలు చేయకూడదు. ఆ నిబంధన కాగితం మీద ఉండాలి.

రేటు ఎంత అన్నది మీ ఇంజినీర్లు తేల్చాలి. మరీ తక్కువ పెట్టొద్దు. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి డీజిలు పోయించుకుని వచ్చినవాళ్లు ఇరవై రూపాయలు కట్టి లోపలికే వస్తారు. కార్లు తగ్గవు, వసూలు మాత్రం జరుగుతుంది. బయట పార్కింగ్ రేటు కన్నా లోపలికి వచ్చే రేటు బాగా ఎక్కువ ఉంటేనే కారు బయట ఆగుతుంది.

దీన్ని టెండరు పిలిచి కాంట్రాక్టరుకు అప్పగించొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. ఇన్ని లక్షలకు పాడుకున్నవాడికి ఎన్ని కార్లు వస్తే అంత లాభం. వాడు కార్లను రమ్మంటాడు కానీ ఆపడు. దారి మొదట్లో కర్ర అడ్డం పెట్టి, నలుగురు కుర్రాళ్లను నిలబెట్టి, చిల్లర లేదంటూ గొడవలు పెట్టుకుంటే ఆ క్యూనే ఇంకో ట్రాఫిక్ జామ్ అవుతుంది. దూరం నుంచి వచ్చిన భక్తుడికి మన ఊరి మొదటి మాట ఆ గొడవ కాకూడదు. అలిపిరిలో ఫాస్టాగ్ చదివే యంత్రాలే ఇక్కడా పెట్టొచ్చు, బండి ఆగాల్సిన పని లేదు. కార్లు తగ్గి వసూలు పడిపోతే బాధపడకండి. ఆ నెల మీ పథకం నెగ్గినట్టు.

ఇది కార్పొరేషన్ ఒక్కటే చేయగలిగే పని కాదని నాకు తెలుసు. వాహనాల మీద పన్ను, టోల్ రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. మీరు తీర్మానం చేసి పంపితే ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. అది వచ్చేదాకా కూడా చేతులు కట్టుకుని ఉండాల్సిన పని లేదు. రోడ్డు మీద కారు నిలిపినందుకు గంటల లెక్కన రుసుం, బయటి పార్కింగ్, చిన్న బస్సులు, అంగడివాళ్ల బండ్లకు వేరే స్థలం, ఇవి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

అన్నిటికన్నా ముందు లెక్క తీయించండి. ఏ వేళకు ఎన్ని కార్లు, ఏ ఊరివి, ఎంతసేపు ఆగుతున్నాయి, ఎన్ని ఊరికే చుట్టు తిరుగుతున్నాయి. రుసుం పెట్టకముందు ఒక నెల, పెట్టాక ఆరు నెలలు, ఆపాక ఒక నెల. ఆ అంకెలు, వచ్చిన డబ్బు, ఖర్చయిన డబ్బు ప్రతి నెలా కృష్ణాపురం ఠాణా దగ్గర పెద్ద బోర్డు మీద తెలుగులో రాయించండి. ఆ తర్వాత మమ్మల్ని అడగండి. వీధివాళ్లను, ఆటోవాళ్లను, పూలవాళ్లను, వ్యాపారులను. పనికిరాలేదని ఎక్కువమంది అంటే తీసేయండి. లండన్‌లో కూడా 2007లో పడమటి వైపు పెంచిన హద్దును జనం వద్దంటే 2010 చివర్లో తీసేశారు.

మీలో ఎవరైనా ఒక శనివారం సాయంత్రం ఐదు గంటలకు మా అంగడికి రండి. కారులో కాదు, బస్టాండు దగ్గర దిగి నడుచుకుంటూ రండి. గల్లాపెట్టె పక్కన కుర్చీ వేస్తాను, ఏడు దాకా కూర్చుని చూడండి. ఏడయ్యాక, మీకు వీలైతే, మా నాన్నను చెయ్యి పట్టుకుని గుడి దాకా తీసుకుపోయి రండి. ఆయన సిద్ధంగానే ఉంటారు.

ఇట్లు,
గాంధీరోడ్డు పాత్రల వ్యాపారి,
తిరుపతి.